స్నానపుతొట్టియు, నీరు పోవు దారియు

షవరు ట్రేను తొలగించి ఆ స్థానమున స్నానపుతొట్టిని నిలుపుట తగునా, తగినచో దాని నీటిని బయటికి పంపు మార్గమును ఏ విధమున కూర్చవలెను అను ప్రశ్న చూపునకు మిక్కిలి చిన్నది. ఇంటి యజమానికిని ప్లంబరుకును మధ్య ఒక పూటలో తేలిపోవలసినదిగా తోచును. కాని నల్లగొండ, మహబూబునగరు వంటి మెట్టసీమలో, బిందెడు నీటికొఱకు తరతరములుగా బావిచుట్టును బోరింగుచుట్టును నిలిచిన జనులు నివసించు నేలపై, ఆ ప్రశ్నను విప్పిన కొలదిని అందుండి నీటి పరిమాణము, నేల గుణము, ఇంటి కప్పు బలము, వీధి మోరి స్థితి, వృద్ధుల మోకాళ్ల సత్తువ అను వేర్వేరు ప్రశ్నలు బయలుదేరును. తొట్టి రంగును గూర్చియు వెలను గూర్చియు దుకాణములలో జరుగు చర్చ విస్తారము. దాని నీరు చేరవలసిన చోటును గూర్చి జరుగు చర్చ అత్యల్పము. నీరు నిర్విఘ్నముగా పోవు దారిని నిశ్చయించుకొనక తొట్టిని కొనరాదనునది నా దృఢాభిప్రాయము. ఇందలి విచారణ యంతయు ఆ దృష్టితోనే సాగును.

ఈ ప్రాంతపు పాత ఇండ్లలో స్నానమునకు ప్రత్యేకమైన గది యుండుట అరుదు. ఇంటి వెనుకనో, ప్రక్కగోడ నానుకొనియో జాలారు ఉండెడిది. నాలుగు షాబాదు బండలో తాండూరు బండలో పరచి, ఒకవైపునకు వాలు కల్పించి, ఆ వాలు చివర గోడకు చిన్న తూము విడిచి, అందుండి నీరు మోరిలోనికో, పెరటి చెట్ల పాదులలోనికో పోవునట్లు చేసెడివారు. చెంత గోలెము, పొయ్యిమీద కాగు. అచట స్నానము చేయువారు నీటిలో కూర్చుండువారు కారు. నీటిని చెంబుతో ముంచి మీద పోసికొనువారు. ఒక మనిషికి ఒకటి రెండు బకెట్లు, అనగా 20 నుండి 40 లీటర్ల నీరు చాలెడిది. అదియు ఒక్కసారి గాక చెంబు చెంబుగా దిగెడిది గనుక సన్నని తూము సైతము దానిని మోయగలిగెడిది. జాలారు కట్టిన మేస్త్రీకి వాలు ఒక్కటియే శాస్త్రము, కాని ఆ శాస్త్రమును అతడు కంటితోనే కొలిచి తప్పక పాటించెను. షవరు ట్రే, నిదానించి చూచినచో, ఆ జాలారు వంశమునకే చెందినది: నీరు పైనుండి పడును, నిలువదు, వెంటనే పోవును. స్నానపుతొట్టి వేరు జాతిది. అది నీటిని ముందుగా బంధించి, పిమ్మట ఒక్క పెట్టున విడుచును. తక్కిన చిక్కులన్నియు ఈ ఒక్క భేదమునుండియే పుట్టుచున్నవి.

నీటిని బంధించి అందు మునుగుట మన ఉపఖండమునకు క్రొత్త కాదు. మొహెంజొదారోలో బయల్పడిన మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవును, 7 మీటర్ల వెడల్పును, 2.4 మీటర్ల లోతును గలది. ఇటుకల సందులనుండి నీరు కారకుండ తారుపూత నిచ్చిన ఆ నిర్మాతలు, అంతటితో తృప్తి చెందక, ఒక మూలను నీరు పోవు రంధ్రమును విడిచి, దానిని ఇటుకలతో కప్పు పేర్చిన ఎత్తైన కాలువకు కలిపిరి. నాలుగువేల యేండ్లకు పూర్వమే తొట్టినిగూర్చి యెంత శ్రద్ధయో, దారినిగూర్చియు అంత శ్రద్ధ కనిపించుట గమనింపదగినది. మన సరిహద్దుననే, కృష్ణకు ఆవలి యొడ్డున, ఇక్ష్వాకుల విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయలో, 1954 నుండి 1960 వరకు సాగిన త్రవ్వకములయందు, నదిలోనికి మెట్లు మెట్లుగా దిగు రాతి స్నానఘట్టము వెలికివచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరపు నీటిలో ఆ లోయ మునుగనున్నందున ఘట్టమును విప్పి కొండపై మరల నిలిపిరి. దాని నిర్మాతలకు మురుగు సమస్య లేదు. నదియే తొట్టి, నదియే దారి. ఇక నిజాము రాజధాని విషయమున, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదనివారణతోపాటు నగరమునకు భూగర్భ మురుగు కాలువల యోచనయు చేసెను. ఆవిధముగా స్నానపునీటికి భూమి క్రింద దారి హైదరాబాదునకు గత శతాబ్దపు పూర్వార్ధముననే లభింపగా, నూరు కిలోమీటర్ల దూరమున నున్న ఈ జిల్లా కేంద్రములలో ఇప్పటికిని పెక్కు వీధుల నీరు తెరచిన మోరిలోనే నడచుచున్నది. నగరపు ఇంటి నమూనాను చూచి ఇచట తొట్టిని పెట్టించువారు మొదట మరచునది ఈ వ్యత్యాసమునే.

నీటి పరిమాణమును గూర్చి కొంత లెక్క అవసరము. మామూలు పరిమాణము గల తొట్టిలో సుఖముగా మునుగుటకు 150 నుండి 200 లీటర్లు కావలెను. షవరు నిమిషమునకు ఎనిమిది, పది లీటర్లు విడుచును గనుక ఏడెనిమిది నిమిషముల స్నానమునకు 60 నుండి 80 లీటర్లు చాలును. 2015 జూన్ 8వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పలులో, పైలాను ఆవిష్కరణతో ఆరంభమైన మంచినీటి పథకము, తరువాత మిషన్ భగీరథ యను పేరు దాల్చి, గ్రామమున మనిషికి దినమునకు 100 లీటర్లు, మునిసిపాలిటీలో 135, కార్పొరేషనులో 150 లీటర్లు లక్ష్యముగా పెట్టుకొన్నది. నలుగురున్న పల్లెటూరి కుటుంబమునకు ఆ లెక్కన వచ్చు 400 లీటర్లలో ఒక్కరి తొట్టిస్నానము సగభాగము వరకు మ్రింగివేయును. కావున నిత్యస్నానమునకు తొట్టి ఈ సీమకు తగదని నిస్సంకోచముగా చెప్పుదును. పసిపిల్లలకు నీళ్లు పోయుటకో, ఒళ్లునొప్పుల దినమున వేడినీట నానుటకో అప్పుడప్పుడు వాడుకొనదలచి, పై నుండి షవరు కూడ ఉండునట్లు అమర్చుకొనువారికి మాత్రమే ఇది సమంజసము. బోరు సొంతమున్నది గదా యను సమాధానము నిలువదు. వేసవిలో ఆ బోరు ఎండినప్పుడు ప్రక్కయింటి బోరు కూడ ఎండును, ఏలయన రాతి పగుళ్లలోని నీటికి ప్రహరీగోడలు లేవు.

స్థలము, బరువు అనువానిని గూర్చి క్లుప్తముగా చెప్పి ముందునకు సాగుదును. ట్రే సాధారణముగా 75 నుండి 90 సెంటీమీటర్ల చతురస్రము. తొట్టికి ఒకటిన్నర మీటరు మొదలు 1.7 మీటర్ల వరకు పొడవు కావలెను. ట్రే తీసినంత మాత్రమున ఆ పొడవు దొరకదు. వాష్ బేసినునో కమోడునో జరుపవలసి వచ్చినచో ఖర్చు తొట్టి వెలను మించవచ్చును. బరువు విషయమున, నివాసగృహముల అంతస్తులకు మన ప్రామాణిక నియమావళి చదరపు మీటరునకు 2 కిలోన్యూటన్లు, అనగా ఇంచుమించు 200 కిలోల భారమును లెక్కించుమనును. నిండిన ఆక్రిలిక్ తొట్టియు అందలి మనిషియు కలసి దాదాపు 300 కిలోలు. అది తూగు చోటు చదరపు మీటరునకు కొంచెము హెచ్చు. సరియైన కాంక్రీటు కప్పునకు గోడ చెంత ఇది ప్రమాదము కాదు, కాని పోత ఇనుప తొట్టి యైనచో ఇంజనీరును అడుగక పై అంతస్తునకు ఎక్కింపరాదు. దూలములపై బండలు పరచి డంగుసున్నము వేసిన పాత మిద్దెలపై తొట్టి మాటయే తలపెట్టరాదు.

ఇక అసలు విషయము. ట్రేకును తొట్టికిని నీరు పోవు రంధ్రము ఒకే చోట ఉండదు, ఒకే ఎత్తున నుండదు. ట్రే రంధ్రము నడుమనో మూలనో నేలకు సమమట్టమున నుండి, దాని ట్రాపు, అనగా నీరు నిలిచియుండు వంపు గొట్టము, నేలలోపల పల్లము చేసిన కప్పులో పూడి యుండును. తొట్టి రంధ్రము కుళాయివైపు కొసను ఉండి, దాని ట్రాపు నేలకు పైన, తొట్టి పొట్ట క్రింద అమరును. అనగా పాత పైపు నోటికి క్రొత్త తొట్టిని సూటిగా తగిలించుట అసంభవము. నడుమ ఒక అడ్డు పైపును వాలుగా నడుపవలెను. మన ఇండ్లలో పని చేయువారు తరచుగా ఆశ్రయించు ఉపాయము, తొట్టి వేస్టు కప్లింగునకు ముడుతల ప్లాస్టిక్ గొట్టమును తగిలించి, దాని కొసను పాత నహానీ ట్రాపులోనికి, అనగా నేలట్రాపులోనికి, వదలి, పైన తొట్టిని నిలిపి టైల్సుతో మూసివేయుట. కొన్ని నెలలు అంతయు చక్కగనే యుండును. పిదప వెండ్రుకలును సబ్బుజిడ్డును ఆ ముడుతలలో పట్టి, 200 లీటర్ల నీరు ఒక్కసారి వచ్చి పడినప్పుడు ట్రాపు దానిని మ్రింగజాలక పైకి పొంగును; పొంగిన నీరు తొట్టి క్రింద కంటికి కనబడక నిలిచి, పల్లపు కప్పులో నింపిన ఇటుకముక్కలను నానబెట్టి, చివరకు క్రింది అంతస్తు పైకప్పున చెమ్మమచ్చగా బయటపడును. దోషము ఇల్లు కట్టినవానిదని యజమాని తలచును. దోషము ఆ గొట్టపు కొసయందున్నది.

దీనికి సాధువైన మార్గములు రెండు కలవు. మొదటిది, పాత నేలట్రాపును పూర్తిగా తొలగించి, తొట్టికి తనదైన ట్రాపును ఇచ్చి, అందుండి నున్నని గట్టి పైపును నిలువు పైపువరకు నడుపుట. రెండవది, నేలట్రాపును ఉంచుకొని, తొట్టికి వేరుగా ట్రాపు పెట్టక, దాని పైపు కొసను నేలట్రాపు నీటిమట్టమునకు పైన గాలి ఆడునట్లు విడిచి, ఆ చోటికి చేయి పెట్టి శుభ్రపరచుటకు వీలుగా మూత అమర్చుట. రెండింటిని కలిపి, తొట్టి ట్రాపును నేలట్రాపునకు బిగుతుగా అంటించినచో, రెండు నీటిముద్రల నడుమ గాలి చిక్కుకొని నీరు గురకపెట్టుచు నత్తనడక నడచును. ట్రాపులో నిలిచిన నీరు మురుగువాయువును లోనికి రానీయక ఆపు తలుపు వంటిది. ఒక గడపకు ఒక తలుపే ఉండవలెను. 1775లో లండనులో అలెగ్జాండరు కమింగు మరుగుదొడ్డి గొట్టమును వంకరగా వంచి ఈ నీటితలుపును పేటెంటు చేయించుకొన్న నాటినుండి నేటివరకు ఆ సూత్రము మారలేదు.

ఆ పైపు కొలతలను గూర్చి బ్రిటిషు నిర్మాణ నిబంధనలు తొట్టికి 40 మిల్లీమీటర్ల పైపును, ట్రాపులో 50 మిల్లీమీటర్ల లోతు నీటిని, ప్రత్యేక గాలిపైపు లేనప్పుడు నిలువు పైపువరకు 3 మీటర్లకు మించని నిడివిని, మీటరునకు 18 నుండి 90 మిల్లీమీటర్ల వాలును విధించినవి. ఇవి మనకును ఆదరణీయములు. వాలు తక్కువైనచో మడ్డి పట్టుననుట అందరికిని తెలిసినదే; వాలు మరీ ఎక్కువైనను, నిడివి మించినను, పరుగిడు నీరు తన వెనుకనున్న ట్రాపు నీటిని కూడ లాగుకొని పోవుననునది పలువురు ఎరుగరు. మన అంగళ్లలో దొరకు ఎస్.డబ్ల్యు.ఆర్. (మురుగు, వాడుకనీరు, వాననీటి) పైపులలో 75 మిల్లీమీటర్ల దానిని నిలువునకు దగ్గరగా వాడి, తొట్టి చెంత మాత్రము సన్నని పైపుతో సరిపెట్టుట మంచిది. తొట్టి అంచు క్రింద పొంగునీటి రంధ్రమును గూడ అదే ట్రాపులోనికి, ట్రాపునకు ముందుగనే, కలుపవలెను. కుళాయి విప్పి మరచిన దినమున ఇల్లు కాపాడునది అదియే.

మరియొక సంగతి. పాశ్చాత్యదేశములలో గది నేల పొడిగా నుండును. మన గదిలో నేలను బకెటు నీళ్లతో కడుగుదురు, తొట్టి వచ్చినను కడుగుట మానరు. కావున ట్రే పోయిన పిదప గదికి వేరొక నేలట్రాపు తప్పనిసరి. దాని వాడుక తగ్గినచో, అందును మే నెలలో, నల్లగొండ ఎండకు ట్రాపు నీరు త్వరగా ఇగిరి, బొద్దింకలును దుర్గంధమును నిరాటంకముగా లోనికి వచ్చును. వారమునకొకమారు చెంబెడు నీళ్లు అందు పోయుట ఇంటివారికి అలవాటు కావలెను. ట్రే పెకలించినప్పుడు దాని క్రింద వాటర్‌ప్రూఫింగు చిరుగక మానదు గనుక, దానిని మరల పూసి, పైపు నోళ్లు బిగించి, నేలను నీటితో నింపి ఒకటి రెండు దినములు నిలిపి చూచి, చెమ్మ దిగలేదని నిశ్చయమైన తరువాతనే తొట్టిని దింపవలెను. తొట్టి అంచునకును గోడకును నడుమ సిలికాను పూయునప్పుడు తొట్టిని నీటితో నింపియుంచుట మేలు. ఖాళీ తొట్టికి పూసిన పూత, నిండిన తొట్టి బరువుకు కొంచెము క్రుంగగానే చీలును.

గోడ దాటిన పిమ్మట నీరు ఎచటికి పోవును? భూగర్భ కాలువ యున్న వీధిలో గల్లీట్రాపును, తనిఖీ గుంటను దాటి అందు కలియును. అచట చెప్పవలసినది లేదు. లేనిచోట పలువురు సెప్టిక్ ట్యాంకులోనికి విడుతురు. ఇది పెద్ద పొరపాటు. ఆ ట్యాంకులో మడ్డి నిదానముగా అడుగునకు దిగుటకు నిశ్చలత కావలెను; 200 లీటర్ల నీరు హఠాత్తుగా వచ్చి పడినచో ఆ మడ్డి కలగి బయటికి కొట్టుకొనిపోయి, ఆవలి ఇంకుడుగుంత రంధ్రములను పూడ్చును. స్నానపునీటికి వేరు గుంతయే శ్రేయస్కరము. కాని గుంత పనిచేయుట నేలనుబట్టి యుండును. ఎర్రని చెలక నేలలో నీరు సులువుగా నింకును. నల్లరేగడిలో వానకాలమున మన్ను ఉబ్బి చుక్క దిగదు. పై పొర పలుచనై క్రింద గట్టి నల్లరాయి తగులు చోట్ల, అనగా ఈ రెండు జిల్లాలలో విస్తారమగు భాగమున, గుంత రాతి గిన్నెయై నిలిచిపోవును. కావున త్రవ్వుటకు ముందు పరీక్ష అవసరము: గుంత అడుగున ఒక అడుగు వెడల్పు గల చిన్న గొయ్యి తీసి, రాత్రి నీటితో నానబెట్టి, మరునాడు నీరు పోసి చూడవలెను, ఒక గంట గడచినను అంగుళము దిగని నేల గుంతకు పనికిరాదు. అట్టి చోట నీటిని పెరటి చెట్లకు పారించుటయే ఉత్తమము. అరటి, కరివేపాకు, కొబ్బరి సబ్బునీటిని సహించును. మన పెద్దలు జాలారు తూమును పాదులవైపు త్రిప్పుట అర్థములేని ఆచారము కాదు. పూర్వము మన హైదరాబాదు సంస్థానములోనిదే యగు నాందేడు జిల్లాలో, గుంతలో చిల్లుల సిమెంటు తొట్టిని దించి చుట్టును రాళ్లు నింపు పద్ధతి దోమలను తగ్గించినదని ప్రసిద్ధి కెక్కి, తరువాత ఇతర రాష్ట్రములకును వ్యాపించినది. చెలక నేలలున్న మన గ్రామములకు అది మిక్కిలి అనుకూలము. ఏ గుంతయైనను మంచినీటి బావికిని బోరునకును 15 మీటర్లకు తక్కువ దూరమున నుండరాదు.

బోరునీటి కాఠిన్యమును గూర్చి ఒక్క మాట. ఆ నీటిలోని సున్నము తొట్టి అంచున తెల్లని గీతగను, వేస్టు మూత చుట్టును గరుకుగను పేరుకొనును. నొక్కిన తెరచుకొను పాపప్ మూతలు కొలదికాలముననే బిగుసుకొనును గనుక గొలుసుకు కట్టిన రబ్బరు బిరడాయే మన్నికైనది.

ఈ సీమలో స్నానపుతొట్టిని గూర్చి మాటాడువారు తప్పక తలచుకొనవలసిన జనులు మరికొందరు కలరు. భూగర్భజలములోని ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించినచోట దీర్ఘకాలము త్రాగినవారి పండ్లు గారలెత్తి, క్రమముగా ఎముకలు బిగిసి, వెన్ను వంగి, మోకాళ్లు ముడుచుకొనిపోవుట నల్లగొండ జిల్లాకు, విశేషించి మర్రిగూడ, మునుగోడు ప్రాంతములకు, తెలిసిన దుఃఖము. పటికయు సున్నమును కలిపి ఆ ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపురమందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థ 1970 దశకమున రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టినది. కృష్ణాజలము ఇంటింటికి చేరిన పిదప క్రొత్త తరము ఆ బాధనుండి బయటపడుచున్నది. ఫ్లోరైడు గల నీటితో స్నానము చేయుటవలన అది చెప్పుకోదగినంత చర్మముగుండ శరీరమునకు చేరదు; ఆ భయము అక్కరలేదు. భయపడవలసినది తొట్టి గోడను గూర్చి. నేలనుండి 55, 60 సెంటీమీటర్ల ఎత్తున నుండు ఆ అంచును దాటుటకు ఒక కాలిపై నిలిచి, రెండవ మోకాలిని నడుము వరకు ఎత్తవలెను. వెన్నును మోకాలును బిగిసిన మనిషికి అది కానిపని, తడిసిన నేలపై అది ప్రాణాంతకమైన పని. పిల్లలు పంపిన సొమ్ముతో తల్లిదండ్రుల సుఖమునకై ట్రేను తీయించి తొట్టిని పెట్టించు కుటుంబములు ఈ విషయమును ముందుగా ఆ తల్లిదండ్రులతోనే ప్రసంగించి, వారి కాలు ఎంత ఎత్తు లేచునో కనులార చూచి మరి నిర్ణయించుకొనవలెనని నా ప్రార్థన. అట్టి ఇంట ట్రేనే ఉంచి, దాని అంచును సైతము తీసివేసి నేలతో సమము చేసి, 45 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుండుటకు నున్నని బండను గోడలో బిగించి, చేతికందు మట్టమున ఉక్కుకడ్డీని, క్రిందికి దింపుకొనుటకు వీలగు చేతిషవరును అమర్చుట మేలు. తొట్టి తప్పదన్న ఇంట రెండవ స్నానాల గదిలో దానిని పెట్టి, పెద్దల పడకగదికి చేరువనున్న ట్రేను ముట్టకుండుట మంచిది. ఆ రెంటి నీరును ఒకే నిలువు పైపులో కలిసినచో, తొట్టి ఖాళీయగు వేళ ట్రే ట్రాపులోని నీరు లాగబడకుండ నిలువు పైపును కప్పు పైవరకు పెంచి గాలికి తెరచి యుంచవలెను.